నవరస వీడియో లైబ్రరీ విధ్వంసం

బొబ్బర్లపాడు బస్టాండు ఎదురుగా మునిసిపల్ కాంప్లెక్సులో ఒక గది ముందు సాయంత్రమయ్యేసరికి జనం క్యూ కడతారు. గది మీద బోర్డు "నవరస వీడియో లైబ్రరీ". ఊళ్ళో అందరి చేతుల్లోనూ ఫోనుంది, ఆ ఫోన్లలో లోకంలోని సినిమాలన్నీ ఉన్నాయి, అయినా ఈ క్యూ తగ్గదు. ఒక్కొక్కరే వస్తారు, ఒక సీడీ పట్టుకుని పోతారు, మర్నాడు తెచ్చి ఇచ్చేసి ఇంకోటి పట్టుకుపోతారు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్ళు చూసి, ఈ ఊరికి సినిమా అంటే ఎంత పిచ్చో అనుకుంటారు. ఆ ఊళ్ళో పని చేసే సీడీ ప్లేయరు ఎవరింట్లోనూ లేదన్న సంగతి వాళ్ళకెవరూ చెప్పరు.

అసలు సంగతేమిటంటే, ఆ సీడీ కింద గుత్తి వంకాయ కూర ఉంటుంది.

లైబ్రరీ యజమాని చిట్టూరి పుండరీకం. క్యాసెట్ల కాలంలో స్వయం ఉపాధి పథకం కింద మునిసిపాలిటీ వారు ఆయనకా గది ఇచ్చారు. భార్య మాణిక్యం చంద్రహారం అమ్మి క్యాసెట్లు కొన్నారు. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి. సీడీలు పోయాయి, ఆ తర్వాత ఏమీ రాలేదు. గది ఖాళీ చేద్దామంటే బతకడానికి ఇంకో చోటు లేదు. ఉంచుకుని ఇంకేదైనా అమ్ముదామంటే, మునిసిపల్ తీర్మానంలో "సదరు గదిని వీడియో లైబ్రరీకి తప్ప అన్య వ్యాపారమునకు వినియోగించిన యెడల గది స్వాధీనపరచుకొనబడును" అని ఉంది. స్వాధీనపరచుకొనబడిన గదులు ఆ కాంప్లెక్సులో చాలానే ఉన్నాయి, వాటిలో గబ్బిలాలు కాపురం చేస్తున్నాయి.

చివరికి మాణిక్యమే గదికి అడ్డంగా ఒక తెర కట్టి, దాని వెనక పొయ్యి వెలిగించింది. నెల తిరక్కుండా ఆవ పెట్టిన పనసపొట్టు కూర వాసన మునిసిపల్ ఆఫీసు దాకా పోయింది. ఆ వాసన పట్టుకునే తనిఖీకి వచ్చాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు రంగాచారి. కూర రుచి చూసి చాలాసేపు ఆలోచించాడు.

"మీరు తెరెనకాల ఏం వండుకుంటున్నారో నాకనవసరమండి. ఈ గదిలోంచి బయటికెళ్ళే మనిషి చేతిలో సినిమా ఉండాలి. తీర్మానం అడిగేది అంతే," అన్నాడు.

ఆ రోజు నుంచీ ప్రతి కూర డబ్బా మీదా ఒక సీడీ. పులుసు తొణక్కుండా మూతగానూ పనికొచ్చింది. జనం కూడా ఇదేంటని అడగలేదు. మంచి వంకాయ కూర దొరికే చోట ప్రశ్నలు వేయడం ఆ ఊరివాళ్ళకి అలవాటు లేదు.

ఇలా గుట్టుగా సాగుతున్న కాపురం మీదికి సృజనాత్మక విధ్వంస మండలి వచ్చి పడింది.

ఈ మండలి పుట్టుక కూడా చెప్పుకోవాలి. పై స్థాయి పెద్దమనిషి ఒకాయన విదేశంలో ఏదో సదస్సుకి వెళ్ళి, అక్కడ కొందరు కుర్రవాళ్ళు ఇంటికి సినిమాలు అద్దెకిచ్చే వ్యాపారాన్ని ఎలా తలకిందులు చేసి కోట్లకి పడగలెత్తారో విని వచ్చాడు. పాత వ్యాపారం నాశనమైతేనే దేశం బాగుపడుతుందని ఆయనకి తెల్లవారేసరికి జ్ఞానోదయమైంది. వెంటనే ప్రతి జిల్లాకీ ఒక మండలి, ప్రతి మండలికీ ఆ ఏడాది నాశనం చేయాల్సిన వ్యాపారం ఒకటి. చీటీలు తీసి పంచారు. ఒక జిల్లాకి కిరాణా కొట్లు వచ్చాయి, ఒక జిల్లాకి ఆటోలు వచ్చాయి. ఈ జిల్లాకి సినిమాలు అద్దెకిచ్చే వ్యాపారం వచ్చింది.

జిల్లా సంచాలకుడు సర్వోత్తమరావు తల పట్టుకున్నాడు. ఆ వ్యాపారం చచ్చి ఎన్నో ఏళ్ళయింది. పోయినవాణ్ణి మళ్ళీ చంపడం యముడికే చేతకాదు. అదే మర్యాదగా పైకి రాశాడు. పైనుంచి జవాబొచ్చింది: "సహజ మరణములు లక్ష్యసాధన క్రింద పరిగణింపబడవు. మార్చి నెలాఖరులోగా విధ్వంసము పూర్తిచేయని యెడల నిధులు మురిగిపోవును."

నిధులు మురిగిపోవడమంటే సర్కారు ఆఫీసులో ఇంటిపెద్ద పోయినంత దుఃఖం. సరిగ్గా అప్పుడే ఎవరో చెప్పారు, బొబ్బర్లపాడులో ఒక వీడియో లైబ్రరీ ఉంది, దాని ముందు క్యూ కూడా ఉంది అని. సర్వోత్తమరావు జీపెక్కి వచ్చేశాడు. వెంట హవీష్, తనయ్ అని ఇద్దరు నవయువ పారిశ్రామికవేత్తలు. వాళ్ళకి మండలి అప్పటికే డబ్బూ, ఆఫీసూ, తిరిగే కుర్చీలూ ఇచ్చింది. నాశనం చేయడానికి వ్యాపారం ఒక్కటే తక్కువైంది.

జీపు దిగి క్యూ చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు సర్వోత్తమరావు. ఆయన కళ్ళ ముందే ఒక పోస్ట్‌మాస్టరు, ఒక కండక్టరు, ఇద్దరు నర్సమ్మలు తలా ఒక సీడీ పట్టుకుని వెళ్ళారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఎంతకాలంగా నడుపుతున్నారండీ ఈ సాంప్రదాయిక సంస్థను?" అని అడిగాడు.

"మా పెళ్ళయిన కాణ్ణించీనండి," అన్నాడు పుండరీకం.

"నేటి డిజిటల్ యుగంలో ఇంతటి వినియోగదారుల విధేయతకు మూలకారణమేమిటో వివరించగలరా?"

తెర వెనక పోపు చిటపటమంది. పుండరీకం అటు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. "అంతా ఆడోళ్ళ చేతి చలవండి."

"మహిళా భాగస్వామ్యం," అని సర్వోత్తమరావు పక్కవాళ్ళకి వివరించాడు. "మరి ఈ డబ్బా?"

"సినిమా చూస్తా నంజుకుంటారండి."

"బండ్లింగ్. ఒకటి తీసుకుంటే ఇంకోటి అంటగట్టడం," అన్నాడు హవీష్. "అనవసరమైన ఖర్చు. మన మోడల్‌లో డబ్బా తీసేద్దాం," అన్నాడు తనయ్.

సర్వోత్తమరావు గొంతు సవరించుకున్నాడు. "పుండరీకంగారూ, మీకొక శుభవార్త. మిమ్మల్ని ధ్వంసం చేయడానికి ప్రభుత్వం ఎంపిక చేసింది."

పుండరీకం చేతిలో గరిటె లేదు గానీ ఉంటే జారిపోయేది. "నేనేం తప్పు చేశానండి?"

"తప్పు కాదు, అర్హత. జిల్లా మొత్తం మీద ఈ గౌరవానికి మీరొక్కరే అర్హులు. ఒకసారి ధ్వంసమైన వ్యాపారాన్ని మళ్ళీ ధ్వంసం చేయరాదని మార్గదర్శకాలలో స్పష్టంగా ఉంది. కాబట్టి ఇది జీవితంలో ఒక్కసారే వచ్చే అవకాశం."

"మరి ఈ గదండి?"

"మునిసిపాలిటీతో అవగాహనా ఒప్పందం కుదిరింది. ధ్వంసమైన సంస్థ తాలూకు ప్రాంగణం ధ్వంసం చేసిన సంస్థకు సంక్రమిస్తుంది. మీరు నిశ్చింతగా ఉండండి."

జీపు వెళ్ళిపోయాక మాణిక్యం తెర తీసి బయటికొచ్చింది. పుండరీకం స్టూలు మీద కూలబడి ఉన్నాడు.

"మనది కూరల కొట్టని చెప్పేస్తే ఒదిలేస్తారేమోనే."

"చెబితే మునిసిపాలిటీ వాళ్ళు గది లాక్కుంటారు."

"చెప్పకపోతే ఈళ్ళు లాక్కుంటారు."

"అలాంటప్పుడు నోరు మూసుకుంటే మేలు. వాళ్ళు చెడగొడతామంది సినిమాలని కదండీ, నా వంకాయని కాదు. క్యూ ఉన్నన్నాళ్ళు గదికేం కాదు. లేచి ఆ చింతపండు పిసకండి."

పుండరీకం లేచి చింతపండు పిసికాడు గానీ మనసు మనసులో లేదు. గది పోతే ఇంకేం మిగలదు. అడకత్తెరలో పోకచెక్కకైనా ఒకవైపు కాస్త జాగా ఉంటుంది, తనకి అదీ లేదనుకున్నాడు.

మర్నాటి నుంచే విధ్వంసం మొదలైంది. "గుమ్మంలో సినిమా" అని ఫోన్లో ఒక యాప్. వేలు పెడితే చాలు, సీడీ ఇంటికే వస్తుంది. అది కూడా ఉచితం. క్యూలో నిలబడే పని లేకుండా, మండుటెండలో నడిచే పని లేకుండా, సాక్షాత్తూ ప్రభుత్వం వారి సొమ్ముతో.

మొదటి సీడీ రిటైర్డ్ టీచరు సుందరమ్మగారింటికి వెళ్ళింది. ఆవిడ నవరసకి రోజువారీ ఖాతాదారు. తలుపు తీసి సీడీ అందుకుని, అటూ ఇటూ తిప్పి, తెచ్చినతని చేతుల వైపు చూసింది.

"ఇదేంటి నాయనా, ఉత్త సీడీ?"

"సినిమా అండి."

"అది తెలుస్తూనే ఉంది. దీని కిందది ఏది?"

అతను సీడీ కింద చూశాడు. తన చెయ్యి తప్ప ఏమీ కనిపించలేదు. వెళ్ళి ఆఫీసులో చెప్పాడు. వినియోగదారులు సీడీ అడుగున అదనపు విలువను ఆశిస్తున్నారని హవీష్ ఒక నివేదిక తయారు చేశాడు. వెంటనే అడుగున మఖమలు గుడ్డ పెట్టి పంపించారు. సుందరమ్మగారు గుడ్డ ఎత్తి దాని కింద కూడా చూసి, తలుపేసుకుంది.

అప్పుడు పట్నం నుంచి నిపుణుల్ని పిలిపించారు. వాళ్ళు నవరస క్యూలో ఉన్నవాళ్ళనే పట్టుకుని, ఈ లైబ్రరీ ఇంకెలా ఉంటే బాగుంటుందని అడిగారు. పుండరీకం గది పోతే తమ సాయంత్రాలు ఏమవుతాయో జనానికి తెలుసు గనక కూర మాట ఎవరూ ఎత్తలేదు. అలాగని అడిగినప్పుడు మనసులో మాట చెప్పకుండానూ ఉండలేకపోయారు. కాస్త ఉప్పు తగ్గిస్తే బాగుంటుందన్నారు కొందరు. శనివారాలు ఉల్లిపాయ లేకుండా చూడమన్నారు ఇంకొందరు. నిపుణులు వారం రోజులు మథనపడి తేల్చారు. ఉప్పు అంటే కన్నీరు. ఉల్లిపాయ అన్నా కన్నీరే. బొబ్బర్లపాడు ప్రజానీకం విషాదాంత చిత్రాలను, ముఖ్యంగా వారాంతంలో, తీవ్రంగా వ్యతిరేకిస్తున్నారు. ఆ ముక్క చెప్పినందుకు వాళ్ళు పుచ్చుకున్న ఫీజుతో ఊరంతటికీ ఏడాది పాటు కూరలు వండి పెట్టొచ్చు. విషాద చిత్రాలన్నీ ఏరేసి హాస్యచిత్రాలు పంపిణీ చేశారు.

జనం వచ్చినవి వచ్చినట్టు పుచ్చుకున్నారు. వడియాల కాలం. డాబాల మీద తాళ్ళు కట్టి ఆ సీడీలు వేలాడగడితే ఎండకి తళతళమని కాకులు దరిదాపులకి రాలేదు. ఆ ఏడు బొబ్బర్లపాడులో వడియాలు దివ్యంగా కుదిరాయి. "ఇంటింటా మన సీడీలు మెరుస్తున్నాయి" అని మండలి పైకి నివేదించింది. అందులో అబద్ధం లేదు.

కానీ నవరస ముందు క్యూ మాత్రం అంగుళం తగ్గలేదు. సీడీలు వెళ్తూనే ఉన్నాయి, వస్తూనే ఉన్నాయి. మార్చి వచ్చేసింది. సర్వోత్తమరావుకి నిద్ర కరువైంది. జిల్లా అధికారులందరినీ సమావేశపరిచాడు.

"ఉచితంగా ఇంటికి తెచ్చిస్తున్నా ప్రజలు డబ్బిచ్చి క్యూలో నిలబడుతున్నారంటే, ఇది ప్రగతి నిరోధక మనస్తత్వం. ప్రజలు స్వచ్ఛందంగా మారకపోతే, వారి స్వచ్ఛందతను మనమే అమలు చేయాలి," అన్నాడు.

ఉత్తర్వు వెలువడింది. ప్రభుత్వోద్యోగులు, వారి కుటుంబ సభ్యులు, పింఛనుదారులు నవరస వారి సీడీతో కనిపించరాదు. కనిపించినచో శాఖాపరమైన చర్య. బస్టాండు దగ్గర ఫొటోగ్రాఫర్ని కూడా నిలబెట్టారు. రెండో రోజుకే రేషను కార్డులు కూడా పోతాయని పుకారు లేచింది. అది ఉత్తర్వులో లేదు గానీ, పుకారుకి ఉత్తర్వుకన్నా కాళ్ళు ఎక్కువ.

ఆ సాయంత్రం క్యూ మామూలుగానే వచ్చింది. పోస్ట్‌మాస్టరు డబ్బా అందుకుని, పైనున్న సీడీని రెండు వేళ్ళతో తీసి బల్ల మీద పెట్టేశాడు.

"ఇదొద్దండి పుండరీకంగారు. ఉజ్జోగం పోద్ది. కూర చాలు."

వెనకాల కండక్టరు అదే అన్నాడు. నర్సమ్మలూ అంతే. సుందరమ్మగారు పింఛను మనిషి, ఆవిడా తీసి పక్కన పెట్టింది. పుండరీకం ఒక్కొక్కరినీ బతిమాలాడు, బ్యాగులో దాచుకోమన్నాడు, కొంగు కింద పెట్టుకోమన్నాడు. ఎవరూ వినలేదు. కూర గిన్నెలు ఊడ్చినట్టు ఖాళీ అయ్యాయి. సీడీ ఒక్కటీ గడప దాటలేదు.

సర్వోత్తమరావు ఫొటోలు చూశాడు. ఎవరి చేతిలోనూ సినిమా లేదు. ఏళ్ళ తరబడి వేళ్ళూనుకున్న ఒక మహా సంస్థ ఒక్క సాయంత్రంలో కుప్పకూలింది. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఫొటోల్లో అందరి చేతుల్లోనూ ఉన్న డబ్బాల సంగతి ఆయనకి పట్టలేదు. డబ్బాలు లక్ష్యంలో లేవు.

వారం తిరక్కుండా రంగాచారి గది ఖాళీ చేయమనే నోటీసు పట్టుకుని తల వంచుకుని వచ్చాడు.

"ఏం చెయ్యమంటారండి. ఇక్కణ్ణించి బయటికెళ్ళే మనిషి చేతిలో సినిమా లేకుండా పోయింది. తీర్మానం నేను రాసింది కాదు కదండి," అన్నాడు. ఆ రోజు ఆయన కూర కూడా తీసుకోలేదు.

విజయోత్సవ సభ టౌన్ హాల్లో జరిగింది. హవీష్‌కీ తనయ్‌కీ గది తాళాలు, జ్ఞాపికలు. పుండరీకానికి శాలువా కప్పి, "జిల్లా ప్రథమ విధ్వంసితుడు" అని సర్వోత్తమరావు సంతకంతో చెక్కిన ఇత్తడి ఫలకం ఇచ్చారు. ఆయన్ని కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు.

"గది పోయిందండి. శాలువా బాగుందండి," అన్నాడు పుండరీకం. చప్పట్లు మారుమోగాయి.

ఇంటికొచ్చాక మాత్రం ఆయన ఏడ్చాడు. మాణిక్యం చంద్రహారం ఆ గది గోడల్లోనే ఉందని, దానికి తాళం వేసి ఎవరో కుర్రాళ్ళ చేతిలో పెట్టి వచ్చానని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మాణిక్యం ఓదార్చలేదు. ఆవిడకీ ఏడుపొస్తోంది, కానీ పొయ్యి మీద నూనె కాగుతోంది.

"హారం ఎలాగూ పోయింది. వంకాయలు ఉన్నాయి కదా. తోపుడు బండొకటి చూడండి," అంది.

పశువుల ఆసుపత్రి గోడ పక్కన బండి పెట్టారు. లైసెన్సు కోసం వెళితే రంగాచారి పాపభీతితో కుమిలిపోతూ, కూరల బండి అంటే ఆరోగ్య శాఖ, అగ్నిమాపక శాఖ అన్నీ తిప్పుతాయని, తన చేతిలో ఉన్నదేదో చేసిపెట్టాడు. పాత లైసెన్సు మీదే "సంచార వీడియో లైబ్రరీ" అని రాసి ముద్ర కొట్టాడు. పాత బోర్డు బండికి కట్టారు, దాని పక్కన ఇత్తడి ఫలకం మేకు కొట్టి తగిలించారు. విధ్వంసం పూర్తయింది గనక ఉత్తర్వూ ఎత్తేశారు. డబ్బా మీద సీడీ మళ్ళీ ఎక్కింది.

అక్కడ గదిలో నవయువకులు తిరిగే కుర్చీలు వేసుకుని కూర్చుంటే, అలవాటు కొద్దీ వచ్చిన జనం లోపలికి తొంగి చూసి, "ఇవాళ కూరేంటి?" అని అడగడం మొదలుపెట్టారు. పదిమందీ అదే అడిగేసరికి తనయ్‌కి మెరుపు మెరిసింది. తాము అసలు సినిమా కంపెనీ కాదని, ఎప్పుడూ కాదని, పుట్టుకతోనే కూరల కంపెనీ అని వాళ్ళు పత్రికల వారిని పిలిచి ప్రకటించారు. "గుమ్మంలో సినిమా" కాస్తా "గుమ్మంలో కూర" అయింది. ఆ దూరదృష్టికి మండలి ఇంకో బహుమానం ఇచ్చింది. కూరలు పట్నం నుంచి మంచుగడ్డల్లో వచ్చేవి. బెండకాయ, బీరకాయ, పన్నీరు, అన్నిటికీ ఒకటే ఎర్ర గ్రేవీ. కళ్ళు మూసుకుని తింటే ఏది ఏదో చెప్పలేరు, తెరుచుకుని తింటే అసలు తినలేరు.

రంగాచారి అక్కడికీ వెళ్ళి, ఈ గదిలోంచి వెళ్ళే మనిషి చేతిలో సినిమా ఉండాలని గుర్తు చేశాడు. వాళ్ళూ డబ్బా మీద సీడీ పెట్టారు.

కొత్త ఆర్థిక సంవత్సరం వచ్చింది. పైన మళ్ళీ చీటీలు తీశారు. ఈసారి జిల్లాకి కూరల దుకాణాలు వచ్చాయి. సర్వోత్తమరావు ఈ సారి ఆలస్యం చేయదలుచుకోలేదు. ఘుమఘుమలు పట్టుకుని నేరుగా పశువుల ఆసుపత్రి గోడ దగ్గరికొచ్చి జీపు ఆపాడు.

"పుండరీకంగారూ, అదృష్టమంటే మీదే. మళ్ళీ మీరే ఎంపికయ్యారు. ఈసారి మీ కూరల వ్యాపారం."

పుండరీకం ఈసారి బెదరలేదు. నెమ్మదిగా చేతులు తుడుచుకున్నాడు.

"కూరలేంటండి? మాది వీడియో లైబ్రరీ అండి."

బోర్డు చూపించాడు. లైసెన్సు చూపించాడు. అంతలో సుందరమ్మగారు సీడీ పట్టుకుని ఆ పక్క నుంచే వెళ్ళింది. చివరికి ఇత్తడి ఫలకం మీద చెయ్యి వేశాడు.

"ఒకసారి ధ్వంసమైందాన్ని మళ్ళీ చెయ్యకూడదని మీరే సెలవిచ్చారు కదండి."

సర్వోత్తమరావు ఫలకం మీద తన సంతకమే చదువుకుని బండి పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. మార్గదర్శకాలు ఆయనకి తల్లిపాలతో సమానం, కాదనలేడు. మరి జిల్లాలో అధికారికంగా కూరల సంస్థ అన్నది ఏది? ఒక్కటే ఉంది. పత్రికల వారిని పిలిచి మరీ ప్రకటించుకున్నది, తను బహుమానం ఇచ్చినది. అది తలుచుకునేసరికి ఆయన మొహం తన మండలి గ్రేవీలాగే ఎర్రబడింది.

"దాన్ని ధ్వంసం చేయగల ఔత్సాహికులు ఎవరున్నారు ఈ జిల్లాలో," అన్నాడు తనలో తనే.

మాణిక్యం మూకుడులో వంకాయలు తిరగేస్తూ అడిగింది. "ధ్వంసం చేసినోళ్ళకి గదిస్తారా బాబుగారు?"

"సంక్రమిస్తుందమ్మా. మార్గదర్శకాలలో ఉంది."

"మరైతే నా పేరు రాసుకోండి."

"నీకిందులో అనుభవమేముందమ్మా?"

"మీ కుర్రాళ్ళకి ఎంతుందో అంతుందండి."

సర్వోత్తమరావు ఆలోచించాడు. మహిళ. పైగా గతంలో ధ్వంసమైన కుటుంబం. మండలి చరిత్రలో ఇంత మంచి దరఖాస్తుదారు రాలేదు. అక్కడికక్కడే సంతకం పెట్టించుకున్నాడు. మాణిక్యం కొత్తగా చేయాల్సిందేమీ లేకపోయింది. మర్నాడూ వంకాయే వండింది. ధ్వంసం కావాల్సిన సంస్థకి మండలి నిధులు ఆగిపోయేసరికి నవయువకులు తిరిగే కుర్చీలు లారీకెత్తించుకుని వేరే జిల్లాకి, ఈసారి చాకిరేవులను ధ్వంసం చేయడానికి వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు బండి దగ్గరాగి, దారిలో తినడానికి రెండు డబ్బాలు కట్టించుకున్నారు.

మళ్ళీ టౌన్ హాల్లో సభ, మళ్ళీ శాలువా. గది తాళాలు మాణిక్యం చేతిలో పెట్టారు. ఆవిడ ఉపన్యాసమేమీ చెప్పలేదు. తాళాలు రెండు చేతులా పట్టుకుని, కళ్ళకద్దుకుని, అక్కణ్ణించి తిన్నగా గదికెళ్ళి తెర కట్టుకుంది. పుండరీకం బోర్డు ఎక్కించాడు.

మొదటి సాయంత్రమే క్యూ బస్టాండు దాకా పోయింది. క్యూలో సర్వోత్తమరావు కూడా ఉన్నాడు, జీపు దూరంగా ఆపించి. ఆయన వంతు వచ్చాక పుండరీకం గుత్తి వంకాయ డబ్బా తీసి, మీద సీడీ పెట్టి ఇచ్చాడు. సర్వోత్తమరావు సీడీని అనుమానంగా చూశాడు.

"ఇది చూడటానికి మా ఇంట్లో సాధనం లేదే," అన్నాడు.

"చూడక్కర్లేదండి. రేపు కడిగి తెండి, చాలు," అన్నాడు పుండరీకం.